పెరట్లో వాలిన పందెం పావురం

సందేహం: అక్కా, మేం సండర్‌ల్యాండ్ వచ్చి ఏడాది కావస్తోంది. నిన్న సాయంత్రం మా పెరట్లో ఒక పావురం వాలింది. మనిషిని చూసినా బెదరడం లేదు, రెండు కాళ్లకూ రింగులున్నాయి. ఒక రింగు మీద ఏవో అక్షరాలు, అంకెలు ఉన్నాయి. పొద్దున లేచి చూస్తే ఇంకా అక్కడే ఉంది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు పావురం ఇంటికి రావడం అరిష్టం, తరిమెయ్యమంటున్నారు. పాపేమో పెంచుకుందామని ఒకటే గోల. మావారికి వేరే భయం: ఎవరిదో పక్షిని పట్టుకుంటే దొంగతనం కేసు అవుతుందేమో, వీసాకి ఇబ్బందేమో అని. అద్దె ఇల్లు కూడా. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లీ, ముందు మీ ఆయన్ని కాస్త ఊపిరి తీసుకోమను. దారి తప్పిన పక్షికి మీ పెరట్లో గింజలు, నీళ్లు పెట్టడం ఇక్కడ నేరం కాదు, మీ వీసాకూ దానికీ సంబంధం లేదు. ఆయన మాటలో నిజం ఒక్కటుంది: ఆ పావురం ఒకరి సొత్తు. దాని మీద డబ్బు పెట్టి, నెలల తరబడి తర్ఫీదిచ్చిన మనిషి ఒకడున్నాడు. దాన్ని మీరే ఉంచేసుకోవడమో, ఇంకొకరికి ఇచ్చెయ్యడమో చేస్తేనే చిక్కు. రెండు రోజులు ఆశ్రయం ఇస్తే ఎవరూ ఏమీ అనరు. పెరట్లోనో షెడ్డులోనో ఒక పెట్టె పెట్టినంత మాత్రాన ఇంటి ఏజెంటుకి ఉత్తరం రాయనక్కర్లేదు.

మీరున్నది సండర్‌ల్యాండ్ కాబట్టి ఇంకో మాట. ఈశాన్య ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా పాత బొగ్గుగని ఊళ్లలో, పావురాల పందాలంటే ప్రాణం పెడతారు. అలాట్‌మెంట్ల వైపు, అంటే కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న తోట స్థలాల వైపు నడిస్తే పావురాల కోసం కట్టిన రంగురంగుల చెక్క కొట్టాలు కనిపిస్తాయి. వాటిని ఇక్కడివాళ్లు క్రీ అంటారు. మీ పక్కనే రైహోప్‌లో 1955లో కట్టిన ఒక క్రీని గ్రేడ్ 2 రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారంటే చూడు. గనులు మూతపడ్డా ఈ సరదా మిగిలింది. కనుక మీ పావురం యజమాని రెండు వీధుల అవతలే ఉండొచ్చు, స్కాట్లండ్‌లోనో వేల్స్‌లోనో కూడా ఉండొచ్చు. అది ఎక్కడిదో దాని కాలి రింగే చెబుతుంది.

అసలు ఇది మీ ఇంట్లో ఎందుకు దిగిందో తెలిస్తే కంగారు సగం తగ్గుతుంది. పందెం రోజున పావురాలను బుట్టల్లో పెట్టి, లారీలో వంద, రెండు వందలు, ఒక్కోసారి ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్లి ఒక్కసారిగా వదిలేస్తారు. ఫ్రాన్స్‌లో వదిలితే సముద్రం దాటి ఇక్కడికి వచ్చేవీ ఉన్నాయి. గాలి కలిసొస్తే గంటకు ఎనభై, తొంభై కిలోమీటర్ల వేగం. ఎవరి పావురం తన గూటికి ఎంత వేగంతో చేరిందో లెక్కగట్టి గెలుపు తేలుస్తారు. సూర్యుడి దిక్కు, భూమి అయస్కాంతం, గాలిలో వాసనలు, ఇన్నిటి ఆధారంగా అవి దారి పట్టుకుంటాయట. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు పావురాలకు చిన్న యంత్రాలు తగిలించి చూస్తే, తెలిసిన ప్రాంతంలో కొన్ని నిక్షేపంగా రోడ్డు వెంబడే ఎగిరాయి, కూడలి దగ్గర మలుపు కూడా తిరిగాయి! మా ఇంట్లోవాళ్లు జీపీఎస్ పెట్టుకుని తప్పే మలుపులు ఇవి.

ఇంత తెలివిగలది కూడా ఓడిపోయే రోజులుంటాయి. ఎదురుగాలి, వాన, పొగమంచు, ఎండకి దాహం, తరిమే డేగ, తగిలే కరెంటు తీగ. జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ ఏడాది పుట్టిన పిల్ల పావురాల పందాలు నడుస్తాయి. మనలాంటి వాళ్ల పెరట్లో దిగేవి ఎక్కువగా అవే. 2021 జూన్‌లో ఒక శనివారం నాడు ఒక్కసారే దేశమంతటా వేల పావురాలు ఇల్లు చేరలేదు. ఈశాన్యంలో ఎన్ని క్రీలు ఖాళీ అయ్యాయో అప్పటి వార్తల్లో చూశాం. కాబట్టి మీ పెరట్లోది మిమ్మల్ని వెతుక్కుంటూ రాలేదు. అలసిపోయి, దాహంతో, ఎక్కడో ఒకచోట కాళ్లు ఆనించాలి కనుక దిగింది. మనిషి చేతిలో పెరిగింది కనుక బెదరడం లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది. ముందు నీళ్లు. కోడిలా పైపైన ముంచి తల ఎత్తి మింగదు పావురం. ముక్కు లోతుగా ముంచి ఒక్క గుక్కలో పీల్చుకుంటుంది. మూత, సాసరు పనికిరావు. రెండు వేళ్ల లోతున్న బరువైన గిన్నె పెట్టు. తర్వాత గింజలు. ఈ విషయంలో మన ఇల్లే నయం. ఇక్కడి పొరుగింటావిడ పక్షి మేత కోసం షాపుకి పరుగెత్తాలి, మన డబ్బాల్లో అన్నీ ఉంటాయి. వండని బియ్యం, పొట్టు పెసలు, ఎండు బఠాణీలు, జొన్నలు, సజ్జలు, పాప్‌కార్న్ చేసుకునే మొక్కజొన్న గింజలు. పందెం పావురాలకు యజమానులు పెట్టే మేతలోనూ దాదాపు ఇవే ఉంటాయి. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు చాలు. పచ్చి రాజ్మా మాత్రం వద్దు, దానిలో విషగుణం ఉంది. బ్రెడ్డు, పాలు వద్దు. అత్తయ్యగారి మనసు మారి పెరుగన్నం పెడతానన్నా వద్దను. ఉప్పు వేసినవి, వండినవి దానికి పడవు.

పిల్లులు తిరిగే పెరడైతే రాత్రికి బయట ఉంచకు. పిల్లి పంటిగాటు చిన్నదే అనిపించినా లోపల చీము పట్టి పక్షి చచ్చిపోతుంది. చీకటి పడే వేళకు పావురం మందగిస్తుంది, అప్పుడు పట్టడం తేలిక. గింజలు కొంచెం కొంచెం చల్లుతూ అట్టపెట్టె దాకా రప్పించి, పాత తువ్వాలు మీద వేసి, రెక్కలు ఒంటికి ఆనుకునేలా రెండు చేతులతో ఎత్తు. పెట్టెకు గాలి రంధ్రాలు పొడిచి, అడుగున వార్తాపత్రిక పరిచి, షెడ్డులోనో గ్యారేజీలోనో చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచు. వంటింట్లో వద్దు.

రెట్టల గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే భయాలు నీకూ వచ్చే ఉంటాయి. ఏళ్ల తరబడి పావురాల గూళ్లలో పనిచేసేవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చే మాట నిజమే. ఒక పక్షి రెండు రోజులు షెడ్డులో ఉన్నందుకు అంత భయపడక్కర్లేదు. రెట్టని ఎండిపోయాక చీపురుతో ఊడవకు, ఆ దుమ్మే చెడ్డది. తడిపి, కాగితంతో తుడిచి, సంచిలో కట్టి పారెయ్యి. చేతులు సబ్బుతో కడుక్కో. పాప దూరం నుంచి చూస్తే చాలు, ముద్దు చెయ్యనివ్వకు. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే ఆ పెట్టె జోలికి వాళ్లని అసలు పోనివ్వకు.

ఒకటి రెండు రోజులు ఇలా తిని తాగి నిద్రపోతే, ఒంట్లో జబ్బు లేని పావురం చాలావరకు దానంతట అదే లేచిపోతుంది. పెట్టెలో పెట్టి ఉంటే పొద్దున్నే, వాన లేకుండా ఆకాశం తేటగా ఉన్న రోజున, పెరట్లో తెరిచిన చోట పెట్టె మూత తీసి నువ్వు వెనక్కి జరుగు. సినిమాల్లోలా గాల్లోకి విసరకు. అది ముందు షెడ్డు కప్పు మీదికి ఎక్కి కాసేపు చూస్తుంది, రెండు మూడు చుట్లు తిరుగుతుంది, ఒక దిక్కు తేల్చుకుని పోతుంది. మధ్యాహ్నం దాటాక వదలకు; పావురాలు రాత్రి ఎగరవు, దారిలోనే చీకటి పడుతుంది. మూడో రోజు కూడా కదలకపోతే అప్పుడు మేత ఆపు, నీళ్లు ఉంచు. రోజూ రెండుపూటలా పళ్లెం నింపుతుంటే ఇక అది ఎందుకు పోతుంది? మన ఇళ్లలో చుట్టాలకే ఆ సంగతి వర్తిస్తుంటే పక్షికి వర్తించదా.

అప్పటికీ ఉంటే, లేదా మొదటి రోజే రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపించినా రింగు సంగతి చూడాలి. రెండు రింగుల్లో ఒకటి కాస్త లావుగా, ప్లాస్టిక్‌గా ఉంటే అది పందెంలో టైము నమోదు చేసే చిప్పు. అందులో జీపీఎస్ ఉండదు. పక్షి ఎక్కడుందో యజమానికి తెలిసే దారి లేదు, నువ్వు చెబితే తప్ప. నీకు కావలసింది రెండోది, అక్షరాలున్నది. పిల్ల వారం రోజులదిగా ఉన్నప్పుడే దాన్ని కాలికి తొడుగుతారు, పాదం పెరిగాక ఇక ఊడదు. లాగి తియ్యాలని చూడకు, కాలు విరుగుతుంది. ఫోనుతో నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీసి, పెద్దవి చేసి చదువు.

జీబీ అని మొదలై, తర్వాత రెండంకెలు, ఒక అక్షరం, ఆ తర్వాత ఇంకొన్ని అంకెలు ఉంటే అది రాయల్ పిజన్ రేసింగ్ అసోసియేషన్ లెక్కలోది. వాళ్ల కార్యాలయం చెల్టెన్‌హామ్‌లో ఉంది. ఆ రెండంకెలూ పుట్టిన ఏడాది. ఈ ఏడాదే ఉందంటే నీ అతిథి ఇంకా పసిది. ఎస్‌యూ అంటే స్కాట్లండ్ సంఘం, డబ్ల్యూహెచ్‌యూ వేల్స్, ఐహెచ్‌యూ ఐర్లండ్, ఎన్ఈహెచ్‌యూ మీ ఈశాన్యం వాళ్లది. ఆయా సంఘాల వెబ్‌సైటులోనో ఫోనులోనో దారి తప్పిన పక్షి అని నంబరు చెబితే యజమాని ఎవరో పట్టుకుంటారు. ఒక్కోసారి ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. రెక్క మెల్లగా విప్పి చూస్తే పెద్ద ఈకల మీద యజమాని ఫోను నంబరు ముద్ర వేసి ఉంటుంది. రింగు మీద బ్రిటిష్ మ్యూజియం చిరునామా ఉంటే మాత్రం అది పందెం పక్షి కాదు, పక్షి శాస్త్రవేత్తలు గుర్తు కట్టిన అడవి పక్షి. ఏ రింగూ లేక, మెడ మీద తెల్ల మచ్చతో బొద్దుగా ఉంటే ఉడ్ పిజన్. అది ఎవరిదీ కాదు, దాని మానాన దాన్ని వదిలెయ్యి.

మెడ మెలితిరిగిపోయి, గుండ్రంగా తిరుగుతూ, గింజని పొడవబోయి పక్కన పొడుస్తుంటే అది పారామిక్సో వైరస్ అనే అంటుజబ్బు కావచ్చు. అలాంటిదాన్ని విడిగా ఉంచి వెట్‌కి, అంటే పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యి. గాయాలకీ అంతే. ఫోన్‌లోనే యజమాని ఉన్న పక్షి అని ముందుగా చెప్పు, ఖర్చు సంగతీ ముందే అడుగు. ఈ దేశంలో మొహమాటపడి తర్వాత బిల్లు చూసి నోరెళ్లబెట్టిన మనవాళ్లని చాలామందినే చూశాను.

యజమాని దొరికాక సాధారణంగా దగ్గరివాడైతే వచ్చి తీసుకెళతాడు, దూరమైతే పక్షుల్ని తీసుకెళ్లే కొరియర్‌ని తనే పంపుతాడు. ఆ ఖర్చు అతనిది, నీది కాదు. పెట్టె ఎవరు తెస్తారో కనుక్కో. నువ్వే పోస్టాఫీసుకి పట్టుకెళ్లకు. రాయల్ మెయిల్ బతికున్న పక్షుల్ని తీసుకోదు. సండర్‌ల్యాండ్ యాస మొదట్లో అర్థం కాదు, ముఖ్యంగా ఫోన్‌లో. సిగ్గుపడకుండా మెసేజ్ పెట్టమని అడుగు. మా వీధి చివర క్రీ ఉన్న పెద్దాయన మాట నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది, ఇప్పుడు నా ఎండు బఠాణీల మీద ఆయనకు ఎంత నమ్మకమో.

అత్తయ్యగారి విషయం. పావురం ఇంట్లో దూరితే శాంతి చెయ్యాలనే పట్టింపు మనలో పాతదే, ఆవిణ్ణి వెక్కిరించకు. శరణన్న పావురం కోసం తొడ కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ ఆవిడకి నీకన్నా బాగా తెలుసు, అది ఒకసారి పాపకు చెప్పమని అడుగు. 1886లో బెల్జియం రాజు కానుకగా పంపిన పావురాలతో మొదలై ఇంగ్లండ్ రాజకుటుంబం తరతరాలుగా సాండ్రింగ్‌హామ్‌లో పందెం పావురాలు పెంచుతోందని కూడా చెప్పు. ఆవిడకి రాజవంశం మాటంటే గౌరవం ఉంటే పని జరుగుతుంది.

చివరగా, పాప అడిగిన పెంపకం సంగతి. యజమానుల్లో అందరూ ఎగిరి గంతేస్తారనుకోకు. ఎవరో ఒకరు 'వెనకబడ్డ పక్షి నాకక్కర్లేదు, నువ్వే ఉంచుకో' అంటారు. కొందరైతే తిరిగొచ్చిన పక్షి మెడ విరిచేస్తారనే మాట కూడా ఉంది. నాకు ఆ తరహా మనుషులంటే ఒళ్లు మంట. అలా అన్నప్పుడు కోపం తెచ్చుకోకుండా, ఆ మాట రాతలో ఇమ్మను, యాజమాన్యం మార్పు ఎలాగో సంఘాన్ని అడుగు. ఆపైన కూడా అద్దె ఇంట్లో ఒంటరిగా ఒక్క పావురాన్ని పెంచకు. అది మందలో బతికే ప్రాణి. మీ దగ్గర్లో అలాట్‌మెంట్‌లో క్రీ ఉన్నవాళ్లని అడిగితే చోటివ్వడానికి ఎవరో ఒకరు ఒప్పుకుంటారు, శనివారాలు పాపను తీసుకెళ్లి చూపించొచ్చు. రింగు నంబరు చదివాక ఏ అక్షరాలు వచ్చాయో నాకూ రాయి.