ఎనిమిది మందికీ కలిపి ఒకే ఓటు చెల్లుతుందా?

ప్రశ్న: నేను లా మూడో సంవత్సరం చదువుతున్నాను. మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదన) పోటీలో మాకు క్రీ.పూ. 406 నాటి ఏథెన్స్ నౌకాసేనానుల కేసు ఇచ్చారు. సేనానుల తరఫున నేను వాదించాలి. అర్గినూసే దీవుల దగ్గర స్పార్టా నౌకాదళాన్ని చిత్తుగా ఓడించినవాళ్లను, మునిగిపోతున్న తమ నావికులను కాపాడలేదంటూ సొంత నగరమే చంపేసింది. చదువుతుంటే ఏడుపు ఆగలేదు. నిజానికి కాపాడే పని ఓడ కెప్టెన్ థెరామెనీస్‌కి అప్పగించారు. ఆ సంగతి సేనానులు ఏథెన్స్‌కి పంపిన లేఖలో రాశారు కూడా. అయినా అదే లేఖ చూపించి అతను తప్పించుకున్నాడు. తప్పంతా అతనిదేనని, ఈ పాపం వల్లే మరుసటి ఏడాది ఏథెన్స్ నౌకాదళం తుడిచిపెట్టుకుపోయిందని వాదిస్తే గెలుస్తానా?
– ఓ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: గెలవరమ్మా. సేనానుల శౌర్యం మీద గానీ, థెరామెనీస్ మీద మీకున్న కోపం మీద గానీ ఈ కేసు తేలదు. ఎనిమిది మందిని, ఎవరి పాత్ర ఏమిటో విడివిడిగా వినకుండా, ఒకే ఓటుతో దోషులని తేల్చడం ఆనాటి ఏథెన్స్ చట్టం ప్రకారం చెల్లుతుందా? కేసంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మీ ఉత్తరంలో అది ఎక్కడా లేదు.

ముందు మీ అజాగ్రత్త సంగతి చెప్పాలి. లేఖ గురించి మీరు రాసిన రెండు వాక్యాలు ఇద్దరు వేర్వేరు చరిత్రకారులవి. జెనోఫోన్ ప్రకారం సేనానులు లేఖలో తుఫానును తప్ప ఎవరినీ తప్పుపట్టలేదు. అందుకే థెరామెనీస్ దాన్ని పౌరులు కూర్చుని ఓటేసే సభలో చూపించగలిగాడు. కాపాడే పని థెరామెనీస్‌కి అప్పగించామని సేనానులు రాసి పంపారన్నది డియోడోరస్ కథనం. రెండూ కలిపేస్తే ప్రత్యర్థి లేచి ‘ఏ లేఖ?’ అని ఒక్క మాట అడుగుతారు, మీ వాదన అక్కడితో ఆగిపోతుంది. అసలు అభియోగమే ఇద్దరి దగ్గరా ఒకటి కాదు. మొదటాయన విరిగిన ఓడల మీద ప్రాణాలతో ఉన్నవాళ్ల గురించి చెబుతాడు, రెండో ఆయన అంత్యక్రియలకు నోచుకోని శవాల గురించి. ఒకరినే పట్టుకోండి. విచారణ ఎలా జరిగిందో వివరంగా చెప్పింది జెనోఫోన్ కాబట్టి ఆయనతోనే వెళ్లండి.

ఇక థెరామెనీస్ మీదికి నెట్టేసే దారి. చూడ్డానికి దగ్గరి దారిలాగే ఉంటుంది, దాని జోలికి మాత్రం పోకండి. అతనికీ, మరో ఓడ కెప్టెన్ థ్రాసిబ్యులస్‌కీ 47 ఓడలు అప్పగించిన మాట నిజమే. కానీ సేనానుల డిఫెన్స్ ఏమిటి? తుఫానులో ఎవరివల్లా కాలేదని. ఎవరివల్లా కానప్పుడు థెరామెనీస్ నేరమేముంది? నేరం అతనిదే అంటే కాపాడటం సాధ్యమేనని మీరే ఒప్పుకున్నట్టు. మరి అది మొదటి లేఖలోనే ఎందుకు రాయలేదని అడుగుతారు. మీ క్లయింట్లు మాత్రం సభలో ఈ తప్పు చేయలేదు. ‘థెరామెనీస్ వాళ్లు మామీద నింద వేసినా మేం అబద్ధమాడి వాళ్లను తప్పుపట్టం, అడ్డుపడింది తుఫానే’ అన్నారు. ఆ మాట దాటి మీరు వెళ్లకండి. పాపం వల్లే నౌకాదళం పోయిందన్న వాదన కూడా తీసేయండి. క్రీ.పూ. 405లో ఏగోస్పొటామి దగ్గర ఓడలు పట్టుబడింది, సిబ్బంది తిండి కోసం ఒడ్డున చెల్లాచెదురై ఉన్నప్పుడు. దానికీ ఈ తీర్పుకూ లంకె మీరు రుజువు చేయలేరు.

అవతలివాళ్ల బలాన్ని తక్కువగా చూడకండి. ఏథెన్స్ వైపు 25 ఓడలు పోయాయి. ఒక్కో ట్రైరీమ్‌లో (తెడ్లతో నడిచే యుద్ధనౌక) సుమారు 200 మంది ఉంటారు. 30 రోజుల్లో 110 ఓడలు నింపడానికి ఏథెన్స్ వయసున్న ప్రతివాడినీ, స్వతంత్రులనీ బానిసలనీ ఎక్కించింది. ఓటేసేవాళ్లలో ఎందరికో పోయినవాళ్లు ఇంటి మనుషులే. నల్ల బట్టలు కట్టుకుని, తల గొరిగించుకుని సభకు వచ్చినవాళ్లను థెరామెనీస్ మనుషులే సమకూర్చారని జెనోఫోన్ అంటాడు. ఆ ఆరోపణ ఎత్తకండి, నిరూపించలేనిది మీకే తగులుతుంది.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీకు పనికొచ్చే సాక్షి ఒకడున్నాడు. పిండి తొట్టి పట్టుకుని తేలుతూ బయటపడ్డానని, దేశం కోసం పోరాడినవాళ్లను సేనానులు కాపాడలేదని చెప్పమని మునిగిపోతున్నవాళ్లు తనకు అప్పగించారని అతను సభలో చెప్పాడు. దాదాపు మరణ వాంగ్మూలం. సభ కదిలిపోయి ఉంటుంది. కానీ దాంతో రుజువయ్యేది వాళ్లను కాపాడలేదన్నంత వరకే. అది ఎవరూ కాదనడం లేదు. ఏ సేనాని ఏం చేయగలిగీ చేయలేదో అందులో ఒక్క ముక్క లేదు. పైగా ఆ సేనానుల్లో ఒకరి ఓడే మునిగిపోయింది, ఆయన అదృష్టవశాత్తూ బయటపడ్డాడు. సాయం అందక అల్లాడిన మనిషినీ, సాయం చేయలేదన్న నిందితుల్లో కలిపి అదే ఓటుతో చంపారు! నేనైతే ఈ ఒక్క వాస్తవం మీదే పది నిమిషాలు నిలబడతాను. విడివిడి విచారణ ఎందుకు కావాలో ఇంతకంటే బాగా ఏదీ చెప్పదు.

కౌన్సిల్ తరఫున కాలిక్సెనస్ సభ ముందు పెట్టిన తీర్మానం ఇదీ: వాదనలు కిందటి సభలోనే విన్నాం కాబట్టి ఒక్కో తెగకు (పౌరుల విభాగానికి) దోషులంటే ఒకటి, కాదంటే ఒకటి చొప్పున రెండు పాత్రలు పెట్టి ఓటేయాలి, దోషులైతే మరణశిక్ష, ఆస్తి జప్తు. ఆ కిందటి సభలో సేనానులకు చట్టప్రకారం ఇవ్వాల్సిన సమయమే ఇవ్వలేదు. తీర్మానం చట్టవిరుద్ధమని, సేనానుల తరఫున మాట్లాడిన యూరిప్టోలెమస్, మరికొందరు నోటీసు ఇచ్చారు. వెనక్కి తీసుకోకపోతే మిమ్మల్నీ అదే ఓటులో కలిపేస్తామని బెదిరిస్తే తీసుకున్నారు. సభ నడిపేవాళ్లూ భయపడి ఒప్పుకున్నారు, సోక్రటీస్ ఒక్కడే ఒప్పుకోలేదు. బెదిరింపుతో వెనక్కి తీసుకున్న నోటీసు అన్నది మీకు బలమైన పాయింట్.

ఇప్పుడు యూరిప్టోలెమస్ ఏం అడిగాడో చూడండి. దయ చూపమనలేదు. అప్పటికే అమల్లో ఉన్న కానోనస్ తీర్మానం ప్రకారం, రోజును మూడు భాగాలు చేసి, ఒక్కొక్కరినీ విడిగా విచారించమన్నాడు. అది చాలా కఠినమైన చట్టం, నిందితుడు సంకెళ్లతోనే జవాబు చెప్పుకోవాలి. ముందు ఈ ఎనిమిది మందిలో ఒకడైన నా బంధువు పెరిక్లిస్‌నే విచారించండి అన్నాడు. అంత కోపంలో ఉన్న సభ కూడా మొదటిసారి చేతులెత్తినప్పుడు ఆయన వైపే మొగ్గింది. మెనెక్లీస్ అనే అతను ప్రమాణం చేసి అభ్యంతరం చెప్పాక రెండోసారి ఓటింగ్ పెడితేనే ఆయన ప్రతిపాదన ఓడిపోయింది. ఎనిమిది మందికీ శిక్ష పడింది, నగరంలో ఉన్న ఆరుగురిని చంపారు.

కాలపరిమితి కూడా చూసుకోండి. తర్వాతి శతాబ్దపు కోర్టు ప్రసంగాల్లో కనిపించే నియమం ప్రకారం, చట్టవిరుద్ధ తీర్మానం పెట్టినవాడికి శిక్ష పడాలంటే ఏడాదిలోపు కేసు వేయాలి. ఆ గడువు దాటితే తీర్మానాన్ని కొట్టేయించవచ్చు, మనిషిని శిక్షించలేరు. కొద్దికాలానికే ఏథెన్స్ పశ్చాత్తాపపడి, ప్రజలను మోసగించారంటూ కాలిక్సెనస్ మీద, మరో నలుగురి మీద ఫిర్యాదు చేసింది. అది మీకు పనికొస్తుందా లేదా అన్నది మీ సమస్యలో ఏ తేదీ నాటికి వాదించమన్నారో దాన్ని బట్టి ఉంటుంది. విచారణ రోజునే అయితే పశ్చాత్తాపం మాటే ఎత్తకూడదు. మన రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే ఆర్టికల్ 21ని కూడా అక్కడికి మోసుకెళ్లకండి, వాళ్ల చట్టంలోనే మీకు సరిపడా ఉంది.

టెన్షన్ పడకుండా మెమోరియల్ (రాతపూర్వక వాదన) మళ్లీ మొదటినుంచి రాయండి. సేనానులను వదిలేయమని అడగకండి. ఉమ్మడి ఓటు రద్దు చేసి, కానోనస్ తీర్మానం ప్రకారం ఒక్కొక్కరినీ విడిగా విచారించమని అడగండి. సాక్షులుగా చుక్కాని పట్టినవాళ్లను పేర్కొనండి. మొదటి సభలో తుఫాను సంగతి చెప్పింది వాళ్లే. జనం నమ్మే స్థితికి వచ్చేసరికి చీకటి పడింది, ఎత్తిన చేతులు కనబడవని సభను వాయిదా వేశారు. ఆ వాయిదా వివరం తప్పకుండా రాయండి.