కొత్త లెక్కలు చేసిన రాత్రి మొద్దు నిద్ర ఎందుకు?

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి కొత్త పాఠాలు నేర్చిన రోజు పడుకోగానే మొద్దు నిద్రపోతాడు. ఆదివారం మాత్రం అర్ధరాత్రి దాకా దొర్లుతాడు. ఎందుకండీ? రాత్రి 10కి టీ ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే నిద్ర తెప్పించే రసాయనం పేరుకుని నిద్ర ముంచుకొస్తుంది. పైగా, మెదడులో పగలు బాగా వాడిన భాగం రాత్రి మరింత గాఢంగా నిద్రపోతుంది. 2004లో నిద్రపై పరిశోధించే హ్యూబర్ బృందం కొందరికి పడుకునే ముందు ఒక పని నేర్పింది: చెయ్యి ఒకవైపు కదిపితే తెరమీద కర్సర్ మరోవైపు పోతుంది, సరిదిద్దుకోవాలి. ఆ రాత్రి ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల నమోదులో) సెకనుకు నాలుగు లోపు వచ్చే నిదాన తరంగాలు, అంటే గాఢనిద్ర గుర్తులు, ఆ పనికి వాడిన కుడి పెరైటల్ భాగంలోనే (తల పైభాగాన, వెనకవైపు) పెరిగాయి. అవి ఎక్కువ పెరిగినవాళ్లు పొద్దున ఆ పని ఇంకా బాగా చేశారు. 2006లో పగలంతా చేయి కట్టేసి చూస్తే, దాన్ని నడిపే మెదడు భాగంలో ఆ రాత్రి ఈ తరంగాలు తగ్గాయి. నేర్చుకుంటే సినాప్సులు (మెదడు కణాల మధ్య అతుకులు) బలపడతాయనీ, గాఢనిద్ర వాటిని తగ్గించి సర్దుతుందనీ నిద్ర శాస్త్రవేత్తలు టొనోని, చిరెల్లిల వివరణ. దీనిమీద వాదనలు ఇంకా ఉన్నాయి.

ఆదివారం సంగతంటారా, భోజనం చేసి రెండు గంటలు పడుకుంటున్నాడేమో చూడండి; అలా పడుకుంటే అడినోసిన్ తగ్గి రాత్రి నిద్ర ముంచుకురాదు. పగటి నిద్ర మూడింటిలోపు 20 నిమిషాలు చాలు. టీ వద్దు. టీలోని కెఫీన్ అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది, అందులో సగం వదలడానికే సుమారు 5 గంటలు. గాఢనిద్ర ఎక్కువగా పట్టేది రాత్రి మొదటి భాగంలోనే, 10కి తాగిన టీ అడ్డుపడేది దానికే.