టెక్ సందేహాలు: రాక్ రొదకి ఫ్యాన్లు మార్చేముందు

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. హాల్లో గోడకి 9యూ రాక్ (నెట్‌వర్క్ పరికరాలు పెట్టే రేకు డబ్బా, యూ అంటే ఒక అర ఎత్తు) పెట్టుకున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 24 పోర్టుల పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్ మీదే కెమెరాలకి కరెంటు కూడా పంపేది), ఎనిమిది కెమెరాల ఎన్‌వీఆర్ (కెమెరా రికార్డర్), రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె), రౌటర్ అందులో ఉన్నాయి. ఆ రొదకి పక్క గదిలో అమ్మకి నిద్ర పట్టడం లేదు. రాక్‌ని అటక మీదకి ఎక్కించెయ్యమని ఇంట్లో గొడవ. నేనేమో స్విచ్‌లో ఫ్యాన్లు పీకేసి, తక్కువ శబ్దం చేసే నాక్టువా కంపెనీవి వేద్దామనుకుంటున్నాను. వెయ్యొచ్చా? ఫొటో పంపుతున్నాను.

జవాబు: వెయ్యొచ్చు. కానీ మీ ఫొటో చూశాక నాకు ముందు అనుమానం వచ్చింది స్విచ్ మీద కాదు. రాక్ పైకప్పుకి బిగించి ఉన్నాయి చూడండి, రెండు నల్లటి చదరపు ఫ్యాన్లు. మన దగ్గర వాల్ రాక్‌తో పాటు అంటగట్టే ఫ్యాన్లు అవే. నేరుగా 230 వోల్టుల మీద నడుస్తాయి, స్పీడు తగ్గించే వీలు లేదు. డిసెంబరు అర్ధరాత్రి కూడా మే నెల మిట్టమధ్యాహ్నంలాగే తిరుగుతాయి. పైగా రేకుకి నేరుగా స్క్రూ బిగించేస్తారు కాబట్టి వాటి అదురుకి డబ్బా అంతా డోలులా మోగుతుంది.

అందుకని స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక పని చేయండి. రాత్రి పది దాటి వీధి సద్దుమణిగాక ఒక్కొక్కటే ఆపుతూ వినండి. మొదట పైకప్పు ఫ్యాన్లు, తర్వాత స్విచ్, తర్వాత ఎన్‌వీఆర్. నాస్‌ని మాత్రం ప్లగ్ పీకకుండా మెనూలోంచి షట్‌డౌన్ చేయండి. ఏది ఆగితే ఇల్లు ఒక్కసారిగా తేలికపడినట్టు అనిపిస్తుందో అదే దొంగ. శబ్దం తీరు కూడా చాలా చెబుతుంది. సన్నగా కీచుమంటుంటే 40 ఎంఎం బుల్లి ఫ్యాన్ గట్టిగా తిరుగుతోందని. గరగరమంటుంటే బేరింగ్ అరిగిందని. ఎక్కడో బొయ్యిమని మూలుగుతున్నట్టుంటే ఆ 230 వోల్టుల ఫ్యాన్లే.

ఈ వరస ఎందుకంటే, డెసిబెల్స్ లెక్క మన మామూలు కూడికలా ఉండదు. ఒకే మోతాదులో అరుస్తున్న రెండిట్లో ఒకదాన్ని పూర్తిగా ఆపేసినా తగ్గేది 3 డెసిబెల్స్. శబ్దం సగమైందని చెవికి అనిపించాలంటే దాదాపు 10 తగ్గాలి. పైకప్పు ఫ్యాన్లు అలాగే ఉంచి స్విచ్‌కి కొత్త ఫ్యాన్లు వేస్తే మీకు ఖర్చు కనిపిస్తుంది గానీ అమ్మగారికి తేడా కనిపించదు.

పైకప్పువే దొంగలని తేలితే వైద్యం తేలిక. వాటి స్థానంలో కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల 120 ఎంఎం ఫ్యాన్లు వేయండి, స్క్రూ రంధ్రాలు సరిగ్గా అవే సరిపోతాయి. పాతది 38 ఎంఎం మందం, కొత్తది 25, కాబట్టి స్క్రూలు పొట్టివి తీసుకోండి. మధ్యలో రబ్బరు వాషర్లు. నడపడానికి 12 వోల్టుల అడాప్టర్ చాలు. వోల్టేజి మార్చుకునే అడాప్టరైతే 9 మీద పెట్టి చూడండి, తిరుగుతున్నట్టే తెలియదు. పాత ఫ్యాన్ వైర్లు తీసేముందు ప్లగ్ పీకడం మర్చిపోవద్దు. చాలావాటికి ఆ కొసలు తొడుగు లేకుండా బయటికే ఉంటాయి.

ఇప్పుడు స్విచ్ సంగతి. మీరు అడిగింది ఫ్యాన్ గురించి, నేను చెప్పబోయేది వేడి గురించి. ఫ్యాన్ దాని ఇష్టానికి అరవదు, లోపల వేడి పుడుతోంది కాబట్టి అరుస్తుంది.

స్విచ్ మీద 370 వాట్లు అని ఉందని కంగారుపడకండి. అది కెమెరాలకి పంపగలిగే గరిష్ఠ కరెంటు. పంపింది కెమెరా దగ్గరే ఖర్చవుతుంది, ఆ వేడి గోడ బయటే పోతుంది. పెట్టెలో మిగిలేది స్విచ్ తన సొంతానికి తినేదీ, పవర్ సప్లైలో వృథా అయ్యేదీ. ఎనిమిది కెమెరాలు తలా 6 వాట్లు తీసుకుంటున్నాయనుకుంటే లోపల మిగిలేది 40 వాట్లు అనుకుందాం. వాట్లని 1.76తో గుణించి, గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కినా ఫరవాలేదనుకుంటామో దానితో భాగిస్తే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలో వస్తుంది. 10 డిగ్రీలు చాలనుకుంటే 7 ఘనపుటడుగులు.

నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ4x20 అనే 40 ఎంఎం ఫ్యాన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంది, 5.5 ఘనపుటడుగుల గాలి తోస్తుంది, శబ్దం 14.9 డెసిబెల్స్. రెండు వేస్తే 11 అని కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ ఆ అంకె ఏ అడ్డూ లేని చోట కొలిచింది. జల్లెడ రంధ్రాలు, హీట్‌సింక్‌లు (చిప్‌ల వేడిని లాగే లోహపు రెక్కలు), వైర్లు దాటుకుని వెళ్లేసరికి సగమే మిగిలిందనుకోండి. అప్పుడు గాలి 13 డిగ్రీలు వేడెక్కుతుంది. జనవరిలో గది 26 ఉంటే లోపల 39, హాయి. మే నెలలో ఏసీ లేని హాలు 38 ఉంటే 51, పరవాలేదు. అదే స్లాబు కింద అటక మీద 44 ఉంటే 57. ఎండాకాలమంతా అలా ఉడికితే ముందు పోయేవి పవర్ సప్లైలో కెపాసిటర్లు. ప్రతి 10 డిగ్రీలకీ వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. స్విచ్ డబ్బా మీద 50 డిగ్రీల గదిలోనైనా పనిచేస్తుందని రాసి ఉండొచ్చు. అది కంపెనీ వేసిన ఫ్యాన్లు ఉన్నంతవరకే.

కంపెనీ ఫ్యాన్ అంత గట్టిగా అరవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. 1యూ అంటే 44.45 ఎంఎం ఎత్తు. అందులో 40 ఎంఎం కన్నా పెద్ద ఫ్యాన్ నిలబడదు, కాబట్టి ఆ బుల్లి రెక్కలనే వేగంగా తిప్పాలి. వేగం సగం చేస్తే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, నిజమే. గాలి కూడా సగమవుతుంది. ఆ గాలిని ఇరుకులోంచి తోసే ఒత్తిడైతే పావు వంతుకి వచ్చేస్తుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు.

నేనూ పట్టించుకోలేదు. రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో స్విచ్‌కి ఫ్యాన్లు మార్చి, నిశ్శబ్దం చూసి మురిసిపోయాను. రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలంటారు కదా, రోలు సంగతేమో గానీ మధ్యాహ్నం రెండున్నరకి మా కెమెరాలు ఒక్కోటీ కళ్లు మూశాయి. సాయంత్రం ఏడింటికి వాటంతటవే తెరిచాయి. కేబుళ్ల మీద అనుమానంతో రెండు రోజులు వాటి కొసలకి కొత్త ప్లగ్‌లు నొక్కుతూ (క్రింపింగ్) కూర్చున్నాను. మూడో రోజు స్విచ్ మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది. మూత తీశాక గానీ అసలు విషయం తెలియలేదు. రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగేసి బిగించాను. ఒకటి బయటికి తోస్తుంటే ఇంకొకటి ఆ గాలినే లోపలికి లాగుతోంది. నాలుగు నెలలకి పైగా అదే గాలి ఆ డబ్బాలో గిరగిరా తిరిగింది.

అందుకే చెబుతున్నాను. స్టిక్కరు, దాన్ని మోసే నాలుగు కాళ్లు ఏ వైపున్నాయో ఆ వైపు నుంచే గాలి బయటికొస్తుంది. చాలా ఫ్యాన్ల అంచు మీద చిన్న బాణం గుర్తు కూడా ఉంటుంది. పాతది తీసేముందు సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో. మూత పెట్టాక ఒక అగరుబత్తీ వెలిగించి ఒకవైపు రంధ్రాల దగ్గర పట్టుకోండి, పొగ లోపలికి పోవాలి. రెండోవైపు పట్టుకుంటే దూరంగా చెదిరిపోవాలి. ఆ రెండోవైపు ఏ ఒక్క ఫ్యాన్ దగ్గరైనా పొగ లోపలికే పోతుంటే నేను చేసిన పనే మీరూ చేశారన్నమాట.

కొనేటప్పుడు మూడు చూసుకోండి. ఒకటి, మందం: 40 ఎంఎం ఫ్యాన్లలోనే 10, 20, 28 ఎంఎం మందాలు ఉన్నాయి, స్కేలు పెట్టి కొలవండి. రెండు, వోల్టేజి: అదే నాక్టువా మోడల్‌లో 5 వోల్టులది, 12 వోల్టులది వేర్వేరుగా అమ్ముతారు. కౌంటర్లో కుర్రాడు ఏది చేతికందితే అది ఇచ్చేస్తాడు. త్రీడీ ప్రింటర్ల కోసం అమ్మే 24 వోల్టులవీ అచ్చం ఇలాగే ఉంటాయి. మీ పాత ఫ్యాన్ స్టిక్కరు మీద ఏముందో అదే కావాలి. మూడు, వైర్ల వరస: ప్లగ్ దూరింది కదా అని కరెంటివ్వకండి. కంప్యూటర్ ఫ్యాన్లలో వరస ఒకటే, గ్రౌండు, 12 వోల్టులు, స్పీడు సంకేతం. స్విచ్‌ల కంపెనీలు తమ ఇష్టానికి దాన్ని అటూ ఇటూ చేస్తాయి. పాత ఫ్యాన్ ఉండగానే మల్టీమీటర్‌తో ఏ పిన్నులో 12 ఉందో చూసి రాసుకోండి. వరస వేరైతే పాత ప్లగ్‌ని రెండంగుళాల వైరుతో కత్తిరించి కొత్త ఫ్యాన్ వైర్లకి టంకం పెట్టి స్లీవ్ తొడగడమే.

ఇక మూడో వైరు. కొత్త ఫ్యాన్ అందులో చుట్టుకి రెండు పల్స్‌లు పంపుతుంది. కొన్ని స్విచ్‌లు స్పీడు అడగవు, ఫ్యాన్ ఆగిందా తిరుగుతోందా అన్న ఒక్క సంకేతమే చూస్తాయి. వాటికి పల్స్‌లు అర్థం కాక ఫ్యాన్ చెడిందని ఎర్ర లైటో పసుపు లైటో వెలిగిస్తాయి. లైటు వెలిగినా గాలి బాగా వస్తుంటే పనికి అడ్డం లేదు. కాకపోతే రేపు నిజంగా ఫ్యాన్ ఆగినా మీకు తెలిసేది అదే లైటు. ఆ ఒప్పందం మీకిష్టమో కాదో ఆలోచించుకోండి.

మూత తీసేముందు ప్లగ్ పీకి ఓ పది నిమిషాలు ఆగండి. పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్ 325 వోల్టుల దాకా పట్టి ఉంచుతుంది. దాని జోలికి అసలు వెళ్లొద్దు.

అటక మాత్రం వద్దు. వేడి గాలి చేరేది అక్కడికే, స్లాబు రాత్రంతా వేడి కక్కేదీ అక్కడే. అమ్మగారి గదికి ఆనుకోని గోడ ఏదైనా ఉంటే రాక్‌ని అటు మార్చండి. అది ఫ్యాన్ల కన్నా చవక. ఎనిమిది కెమెరాలకి 24 పోర్టుల స్విచ్ దేనికో కూడా ఒకసారి ఆలోచించండి. ఫ్యానే లేని ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్‌లు దొరుకుతున్నాయి. నాక్టువాలు ఒక్కోటీ వెయ్యి రూపాయలు దాటుతాయి. ఆ డబ్బుకి ఈ పాతదాన్ని అమ్మగా వచ్చింది కలిపి లెక్కేస్తే ఇదే లాభం కావచ్చు.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో రూములో ఉంటూ క్లౌడ్ కోర్సు చేస్తున్నాను. ప్రాక్టీసుకని పాత 1యూ సర్వర్ కొన్నాను. శబ్దం భరించలేక ఫ్యాన్లన్నీ నెమ్మదివి వేశాను. ఇప్పుడు కొన్ని సెకన్లకోసారి ఒక్కసారిగా ఫుల్ స్పీడుకి వెళ్లి మళ్లీ తగ్గుతోంది. ఆయాసం వచ్చినట్టుంది. ఫ్యాన్లు బాగోలేవా?

జవాబు: ఫ్యాన్లు బాగానే ఉన్నాయి, బోర్డు నమ్మడం లేదు. సర్వర్ బోర్డు మీద బీఎంసీ అని ఒక కాపలా చిప్ ఉంటుంది. నిమిషానికి ఇన్ని చుట్ల కన్నా తగ్గితే ఫ్యాన్ చచ్చిపోతోందని దాని లెక్క. మీ నెమ్మది ఫ్యాన్ ఆ గీత కిందకి దిగగానే అది కంగారుపడి అన్నిటినీ ఫుల్ స్పీడుకి తోస్తుంది. స్పీడు పెరిగాక అంతా బాగుందనుకుని వదిలేస్తుంది. మళ్లీ కిందకి, మళ్లీ కంగారు.

లినక్స్‌లో ఐపీఎంఐటూల్ అనే ప్రోగ్రామ్‌తో ఆ గీతని కిందకి జరపొచ్చు. సెన్సర్ల పట్టిక తీసి ఫ్యాన్ పేరు చూసుకుని, దాని కింది హద్దులు మూడూ 100, 200, 300 లాంటి చిన్న అంకెలకి మార్చాలి. కొన్ని బోర్డులు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

అయితే తమ్ముడూ, ఒక మాట. 1యూ సర్వర్‌లో ప్రాసెసర్ మీద సొంత ఫ్యాన్ ఉండదు, ఉత్త లోహపు దువ్వెన లాంటి హీట్‌సింక్ ఉంటుంది. ముందున్న బుల్లి ఫ్యాన్ల హోరే దానికి ఆధారం. ప్రాసెసర్ ఒక్కటే 95 వాట్లదైతే, పైన చెప్పిన లెక్క మీరే వేసుకోండి. నాలుగు నాక్టువాలు పెట్టినా చాలదు. కోర్సు కోసమే అయితే దాన్ని అమ్మేసి, ఆఫీసుల్లోంచి వచ్చే పాత మినీ పీసీ ఒకటి కొని 32 జీబీ ర్యామ్ వేసుకోండి. వర్చువల్ మెషిన్లు (ఒకే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) నాలుగైదు నడుస్తాయి, మీరూ నిద్రపోతారు, పక్క రూములో వాళ్లూ నిద్రపోతారు.

ప్రశ్న: గుంటూరు దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసులో ఎన్‌వీఆర్ ఫ్యాన్ గరగరమంటోంది. డబ్ల్యూడీ-40 కొట్టమంటున్నారు.

జవాబు: కొట్టకండి. అందులో ఎక్కువ భాగం ద్రావకం. ఉన్న గ్రీజుని కరిగించి తను ఆవిరైపోతుంది, నాలుగు రోజుల్లో గరగర రెట్టింపవుతుంది. కుట్టు మిషను నూనె ఒక చుక్క వేస్తే కొత్త ఫ్యాన్ వచ్చేదాకా గడుస్తుంది. అంతకుముందు లోపల చూడండి. మిల్లులో ఫ్యాన్ మీద పేరుకునేది దుమ్ము కాదు, నూగు. రెక్కల వెనక ఫెల్టు గుడ్డలా అట్టకట్టి ఉంటుంది. పెయింట్ బ్రష్‌తో లాగేయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి పిచ్చిగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. కొత్తది బాల్ బేరింగ్‌ది అడగండి, మన ఎండలకి అదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ప్రశ్న: యూపీఎస్‌లో ఫ్యాన్ రాత్రంతా తిరుగుతోంది. దానికీ నెమ్మది ఫ్యాన్ వెయ్యొచ్చా? (పటమట, విజయవాడ)

జవాబు: దాని మూత మీరు తీయకండి. ప్లగ్ పీకినా లోపల బ్యాటరీ బతికే ఉంటుంది. చాలా ఇంటి యూపీఎస్‌లలో ఫ్యాన్ తిరిగేది బ్యాటరీ మీద ఉన్నప్పుడు, లేదా తక్కువొస్తున్న వోల్టేజిని పెంచుతున్నప్పుడు. రాత్రంతా తిరుగుతోందంటే సాకెట్‌లో ఎంత వస్తోందో మల్టీమీటర్‌తో చూడండి. 190 దగ్గర ఆడుతుంటే పిలవాల్సింది కంప్యూటర్ మెకానిక్‌ని కాదు, లైన్‌మన్‌ని.