హైదరాబాద్ రాయదుర్గంలో ఉద్యోగం, నల్గొండ నుంచి కుటుంబంతో మారాలి, అద్దె కుదరడం లేదు: సమాధానం

మీరు ఆఫీసు చుట్టూనే ఇల్లు వెతుకుతున్నారు, అద్దె జీతంలో సగం మింగేది అందుకే. పెళ్లికాని కుర్రాళ్లు రూమ్ పంచుకుని అక్కడ నెట్టుకొస్తారు. భార్య, ఒకటో తరగతి పాప ఉన్న మీకు ఆ లెక్క పనికిరాదు.

1. ఎల్బీనగర్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ వైపు చూడండి. నల్గొండ బస్సులు అటే వస్తాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి మీ ఆవిడకు ఛార్జీ కూడా ఉండదు.

2. మెట్రోలో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ నీలి లైన్‌కు మారితే రాయదుర్గం.

3. అందరూ వదిలేసేది ఇదే. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సోమవారం పొద్దున ఆ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు సీటు దాకా వెళ్లి చూడండి. ఆదివారం బ్రోకర్ చెప్పే 'దగ్గరే సార్' వేరు! స్టేషన్‌కు నడక, అమీర్‌పేటలో తోపులాట, దిగాక ఆటో, అన్నీ కలపండి. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా. అది భరించగలిగితేనే డబ్బు కట్టండి.

4. ఎండాకాలం ట్యాంకర్ ఖర్చు ఎవరిదో ఓనర్‌తో ముందే తేల్చుకోండి.

5. ఒకటి నుంచి ఏడు తరగతుల్లో నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ప్రభుత్వ ఉద్యోగాలకు పాప అక్కడి లోకల్. ఇంట్లో ఈ మాట ఇప్పుడే అనుకోండి.