టెక్ సందేహాలు: పాపప్ ఎప్పుడు కనిపించాలి, ఎప్పుడు కనిపించకూడదు?

ప్రశ్న: నేను ఆన్‌లైన్‌లో చేతిసంచులు అమ్ముతున్నాను. సైటు తెరవగానే, ఈమెయిల్ ఇస్తే మొదటి ఆర్డరుపై 10 శాతం తగ్గింపు ఇస్తామని చెప్పే పాపప్ వచ్చేలా పెట్టాను. మూడు నెలల్లో ఈమెయిళ్లు బాగానే చేరాయి కానీ లాభం పెరిగినట్టు లేదు. ఫోన్‌లో చూసేవారు విసుక్కుంటున్నారు కూడా. పాపప్ తీసేయమంటారా?

జవాబు: తీసేయనక్కర్లేదు. అది కనిపించే సమయాన్నీ, మీరు లెక్క చూసుకునే పద్ధతినీ మార్చుకుంటే చాలు. ఒక్క సంచినైనా చూడకముందే ఈమెయిల్ అడగడమంటే, వచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి వివరాలు అడిగినట్టే. మీరు ఏమి అమ్ముతారో, సరుకు ఎలా ఉంటుందో అప్పటికి ఆ వ్యక్తికి తెలియదు కాబట్టి, వేలు నేరుగా మూసే గుర్తు మీదికే వెళ్తుంది. రెండు మూడు సంచుల పేజీలు చూసిన తరువాత పాపప్ కనిపించేలా మార్చండి. పాపప్‌లు తయారుచేసే టూల్స్‌లో సాధారణంగా ఇన్ని సెకన్లు గడిచాక, పేజీ ఇంత శాతం కిందికి జరిపాక, ఇన్ని పేజీలు చూశాక అనే షరతులు ఉంటాయి. వీటిలో సెకన్ల షరతును నేను తక్కువగా నమ్ముతాను. పేజీ తెరిచిపెట్టి వేరే పనిలో పడినవారికి కూడా ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది. చూసిన పేజీల సంఖ్య మాత్రం ఆసక్తిని నిజంగా చూపుతుంది. ఇక డబ్బు చెల్లించే పేజీలో ఏ పాపప్పూ పెట్టవద్దు.

ఫోన్ సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. సెర్చ్ నుంచి వచ్చిన వెంటనే పేజీని కప్పేసే పాపప్‌లు ఉంటే, మొబైల్ సెర్చ్ ఫలితాల్లో ఆ పేజీ స్థానం తగ్గవచ్చని గూగుల్ 2016 ఆగస్టులో ప్రకటించి, 2017 జనవరి 10 నుంచి అమలు చేసింది. చట్టం ప్రకారం చూపాల్సిన కుకీ (సైటు బ్రౌజరులో దాచుకునే చిన్న సమాచారం) అనుమతులకూ, వయసు నిర్ధారణకూ, తెరలో కొద్ది భాగమే తీసుకునే బ్యానర్లకూ ఇది వర్తించదు. కాబట్టి ఫోన్‌లో మీ తగ్గింపు కబురును తెర అడుగున సన్నని పట్టీగా చూపండి. సైటు వదిలి వెళ్లబోతున్నవారిని పట్టుకునే పాపప్‌ను ఫోన్‌లో నమ్ముకోవద్దు. మౌస్ బాణం గుర్తు తెర పైఅంచు దాటడాన్ని బట్టి అది పనిచేస్తుంది, ఫోన్‌లో ఆ బాణమే ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది లెక్క. చేరిన ఈమెయిళ్ల సంఖ్య చూసి పాపప్ పనిచేస్తోందని అనుకోవద్దు. వచ్చేవారిని యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, ఒక సగానికి పాపప్ చూపి, రెండో సగానికి అసలు చూపకుండా కొన్ని వారాలు నడపండి. ఒక్కో సగంలో వెయ్యిమంది వచ్చారనీ, సంచి ధర 100, మీకయ్యే ఖర్చు 60 అనీ అనుకుందాం. పాపప్ చూసినవారిలో 22 మంది, చూడనివారిలో 20 మంది కొన్నారనుకోండి. ఆ 22 మందిలో 12 మంది తగ్గింపు వాడుకుంటే మీకు మిగిలేది 760. పాపప్ లేని సగంలో మిగిలేది 800. ఆర్డర్లు పెరిగాయి కానీ మిగులు తగ్గింది. ఎలాగూ కొనబోతున్నవారికి కూడా తగ్గింపు ఇచ్చేయడమే ఇందుకు కారణం, మీ విషయంలోనూ ఇదే జరుగుతూ ఉండవచ్చు. అయితే ఇంత చిన్న సంఖ్యల్లో రెండు ఆర్డర్ల తేడా కాకతాళీయం కూడా కావచ్చు కాబట్టి, ఆర్డర్లు వందల్లోకి చేరేవరకూ నిర్ణయం తీసుకోకండి.

ప్రశ్న: పాపప్‌ను ఒకసారి మూస్తే 30 రోజులు మళ్లీ రాకుండా సెట్ చేశాను. ఐఫోన్ వాడేవారికి మాత్రం అంతకన్నా ముందే వస్తోంది. ఎందుకు?

జవాబు: మీ సెట్టింగులో తప్పు లేదు, ఐఫోన్‌లో ఉండే బ్రౌజరు సఫారీ నియమం వల్ల అలా జరుగుతోంది. పాపప్ మూసినట్టు గుర్తుంచుకోవడానికి ఈ టూల్స్ సాధారణంగా జావాస్క్రిప్ట్‌తో (పేజీలో నడిచే కోడ్‌తో) ఒక కుకీని గానీ, లోకల్ స్టోరేజ్‌లో (సైటు కోసం బ్రౌజరు కేటాయించే నిల్వలో) ఒక గుర్తును గానీ రాస్తాయి. జావాస్క్రిప్ట్ రాసిన కుకీని సఫారీ గరిష్ఠంగా 7 రోజులే ఉంచుతుంది. లోకల్ స్టోరేజ్ విషయానికొస్తే, సఫారీని వాడుతూ కూడా 7 రోజులపాటు మీ సైటును ముట్టుకోకపోతే, అక్కడ దాచినది చెరిపేస్తుంది. నెలకు రెండుసార్లు వచ్చే కస్టమరు మీ సైటుకు ప్రతిసారీ కొత్తవారిలాగే కనిపిస్తారు. ఆ కుకీని మీ సొంత సర్వరు నుంచి పంపేలా చేయమని డెవలపరును అడగండి, అప్పుడు ఈ 7 రోజుల పరిమితి మామూలుగా వర్తించదు. లాగిన్ అయినవారి విషయాన్ని వారి ఖాతాలోనే నమోదు చేయవచ్చు. మీరు పంపిన ఈమెయిల్‌లోని లింకు నొక్కి వచ్చినవారికి మళ్లీ ఈమెయిల్ అడిగే పాపప్ చూపడం పెద్ద పొరపాటు. ఆ లింకులకు ఒక గుర్తు తగిలించి, అది ఉన్నప్పుడు పాపప్ రాకుండా ఆపండి. వద్దని ఒకసారి చెప్పినవారి మాట గుర్తుపెట్టుకోవడం వ్యాపార మర్యాద అని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: బ్రౌజరులో పాపప్ బ్లాకర్ ఆన్‌లోనే ఉంది. అయినా షాపింగ్ సైట్లలో పాపప్‌లు ఎలా వస్తున్నాయి?

జవాబు: బ్లాకరు ఆపేది వేరే విండోగా తెరుచుకునే పాత రకాన్ని. 1990లలో, జనం సొంత వెబ్‌పేజీలు పెట్టుకునే వీలు కల్పించిన ట్రైపాడ్ సంస్థలో పనిచేసిన ఈథన్ జకర్‌మన్ అలా ప్రకటనను వేరే విండోలో తెరిచే కోడ్ రాశారు, 2014లో అందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోకీ బ్లాకరు వచ్చింది. ఇప్పుడు మీరు చూసేవి ఆ పేజీలోనే భాగంగా, దాని మీద ఒక పొరలా పరుచుకునేవి కాబట్టి బ్లాకరుకు అందవు.

ప్రశ్న: మా సైటులోని పాపప్‌ను మూయలేకపోతున్నామని కొందరు రాస్తున్నారు. ఏమి సరిచూడాలి?

జవాబు: ముందుగా మూసే గుర్తు కొలత చూడండి. నొక్కాల్సిన చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలని వైకల్యం ఉన్నవారితో సహా అందరూ వాడగలిగేలా సైట్లు ఎలా ఉండాలో చెప్పే, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం సూచిస్తుంది. ఫోన్‌లో 44 ఉంటే ఇంకా సుఖం. ఈమధ్య ఒక సైటులో నాకు ఎదురైంది ఇది: ఈమెయిల్ గడిని తాకగానే ఐఫోన్ తెర దానంతట అదే పెద్దదై, మూసే గుర్తు కుడి అంచు బయటికి జారిపోయింది. గడిలోని అక్షరాలు 16 పిక్సెళ్లకన్నా చిన్నవైతే ఐఫోన్ అలా చేస్తుంది. పరిమాణాన్ని 16కు పెంచితే ఆ ఇబ్బంది పోతుంది. కంప్యూటరులో ఎస్కేప్ మీట నొక్కితే పాపప్ మూసుకోవాలి. పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లోని డైలాగ్ (dialog) ఎలిమెంట్‌ను మోడల్ (modal) పద్ధతిలో, అంటే అది మూసేవరకూ వెనకున్న పేజీ పనిచేయకుండా తెరవమని డెవలపరుకు చెప్పండి. అప్పుడు ఈ సదుపాయం దానంతట అదే వస్తుంది, కీబోర్డుతో జరిపే ఎంపిక వెనకున్న పేజీలోకి జారిపోకుండా కూడా ఉంటుంది. చివరగా, నిరాకరించే బటన్ మీద ‘నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు’ వంటి వాక్యం ఉంటే తీసేసి, ‘ఇప్పుడు వద్దు’ అని రాయండి.