వీపున తెరచాప

ప్రశ్న: టీవీలో వీపు మీద పెద్ద రెక్క ఉన్న చేపను చూపించి ‘గ్రేలింగ్’ అన్నారు. అది ట్రౌటేనా సార్?

జవాబు: కాదండీ, ట్రౌట్‌కు దాయాది. రెండూ సాల్మన్ కుటుంబమే. తోక దగ్గరి బుల్లి కొవ్వు రెక్క రెంటికీ ఉంటుంది. మీరు చూసిన పెద్ద రెక్క మాత్రం గ్రేలింగ్ సొంతం. జత కట్టేటప్పుడు మగచేప దాన్ని ఆడచేప వీపు మీద దుప్పటిలా కప్పుతుంది. ఫొటోలో అది చూసి నోరెళ్లబెట్టాను! దీని శాస్త్రీయ నామం థైమాలస్. ఒంటికి థైమ్ ఆకు వాసన ఉంటుందని ఆ పేరట. చల్లటి, శుభ్రమైన నీళ్లు లేకపోతే బతకదు. అమెరికాలోని మిషిగన్‌లో అడవులు నరికి, దుంగలను నదుల్లో తోసి, అడ్డూ అదుపూ లేకుండా వేటాడారు. 1930ల కల్లా అక్కడ గ్రేలింగ్ లేకుండా పోయింది. గ్రేలింగ్ అనే ఊరు మాత్రం మిగిలింది.