కళ్లు తిరగడం, తల తిరగడం ఒకటేనా?

సందేహం: నేను ఆస్పత్రి ఎమర్జెన్సీలో నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి నాలుగైదు భాషలవాళ్లు వస్తారు. డాక్టర్లలోనూ తెలుగు రానివాళ్లున్నారు. మొన్న ఒక పెద్దాయన ‘కళ్లు తిరుగుతున్నాయి’ అంటే కేస్ షీట్‌లో ‘తల తిరుగుడు’ అని రాశాను. తోటి నర్సు రెండూ ఒకటి కాదంది. ఏది సరి? ఇలాంటివాటికి శుద్ధమైన తెలుగు పదాల పట్టిక ఒకటి పెట్టుకుని అవే వాడటం మంచిదా?

సమాధానం: మీ తోటి నర్సు చెప్పిందే సరి. ‘కళ్లు తిరిగి పడిపోయాడు’ అంటే స్పృహ జారిపోయిందని మనకు వెంటనే అర్థమవుతుంది. గోడలూ మంచమూ గిర్రున తిరుగుతున్నట్టుంటే ‘తల తిరుగుతోంది’ అంటాం. లేచి నిలబడగానే చూపు చీకటైపోతే ‘కళ్లు బైర్లు కమ్మాయి’. తల బాగానే ఉండి అడుగు నిలవకపోతే ‘తూలుతున్నాను’. బీపీ పడిపోవడం, లోపలి చెవి దెబ్బతినడం, చిన్నమెదడుకు రక్తం అందకపోవడం వంటి వేరువేరు కారణాలు వీటి వెనక ఉంటాయి. ఇంగ్లీషులో ‘డిజ్జీ’ అన్న ఒక్క మాట పట్టుకుని డాక్టరు ప్రశ్న మీద ప్రశ్న వేసి విడదీసుకునేదాన్ని తెలుగు రోగి ఒక్కోసారి మొదటి మాటలోనే చెప్పేస్తాడు. అలాగని అందరూ ఈ తేడా పాటిస్తారని చెప్పలేను. అన్నింటికీ ‘కళ్లు తిరగడమే’ వాడేవాళ్లు చాలామంది. అందుకే ఆయన మాట ఆయన మాటగానే రాసి, ‘గది తిరుగుతున్నట్టుందా, చీకటి కమ్ముతున్నట్టుందా?’ అని ఒక ప్రశ్న వెయ్యండి.

ఛాతీ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ‘నొప్పి ఉందా?’ అని అడుగుతాం, ‘లేదమ్మా’ అంటాడు. అబద్ధం కాదు. మనకు నొప్పి వేరు, పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు. రాయి పెట్టినట్టు బరువుగా ఉన్నవాడికి అది నొప్పి లెక్కలోకి రాదు. ‘గ్యాస్ పట్టేసింది’ అని సరిపెట్టుకుంటాడు. గుండెపోటు చాలాసార్లు ఇలా బరువుగా, బిగబట్టినట్టుగా, మంటగానే మొదలవుతుంది. ‘ఛాతీలో ఎలా ఉంది? బరువా, మంటా, పట్టేసినట్టా?’ అని అడిగితే దారి దొరుకుతుంది.

ఇక పక్క భాషల సంగతి. ఇక్కడ పూర్తిగా తెలియని మాటకంటే తెలిసినట్టు వినబడే మాటే ఎక్కువ ప్రమాదం. తెలియనిదైతే ఎవరినో ఒకరిని అడుగుతాం. హిందీలో ‘చక్కర్ ఆ రహా హై’ అంటే కళ్లు తిరుగుతున్నాయని. హిందీ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకు అది చక్కెరగా వినబడి, షుగర్ ఉందేమో అనిపిస్తుంది. తమిళంలో ‘నెంజు’ ఛాతీ, మన ‘నంజు’ విషం. తమిళంలోనే ‘వలి’ అంటే నొప్పి, ‘వలిప్పు’ అంటే ఫిట్స్. హడావుడిలో ఆ చివరి అక్షరం వినబడకపోతే జబ్బే మారిపోతుంది. తమిళులు ‘మయక్కం’ అంటే కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం. మన చెవికది ‘మైకం’. వెంటనే తాగి వచ్చాడేమో అన్న అనుమానం పుడుతుంది.

ఈ అనుమానం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాణ్ని స్పృహలేని స్థితిలో ఆస్పత్రికి తెచ్చారు. ఇంటివాళ్లు స్పానిష్‌లో ‘ఇంటాక్సికాడో’ అన్నారు. తిన్నదేదో వికటించిందని వాళ్ల ఉద్దేశం. డాక్టర్లకు అది ఇంగ్లీషు ‘ఇంటాక్సికేటెడ్’ లా వినబడి, మత్తుమందు ఎక్కువైందని వైద్యం మొదలుపెట్టారు. నిజానికి మెదడులో రక్తస్రావం అవుతోంది. అది తెలిసేసరికి ఆలస్యమైపోయింది, ఆ అబ్బాయికి కాళ్లూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి.

‘పడిపోయాయి’ అన్నాను కదా, ఈ మాటా చూడండి. ‘చెయ్యి పడిపోయింది’, ‘మాట పడిపోయింది’ అని పక్షవాతం రోగి ఇంటివాళ్లు చెబుతారు. తెలుగు రాని డాక్టరుకు దాన్ని మాటకు మాట హిందీలోకి మారిస్తే ఆయన దెబ్బ ఎక్కడ తగిలిందో వెతుకుతారు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే ‘ఇందాకటినుంచి’ అన్న జవాబుతో కూడా ఆగకండి. మన ‘ఇందాక’ పది నిమిషాలు కావచ్చు, పొద్దుటి సంగతీ కావచ్చు. ‘ఆఖరిసారి బాగా మాట్లాడింది ఎప్పుడు? అప్పుడు ఏం చేస్తున్నారు?’ అని అడగండి.

మీ పట్టిక ఆలోచన మంచిదే, కానీ శుద్ధపదాలతో వద్దు. ‘శ్వాస తీసుకొనుటలో ఇబ్బంది’ అని అడిగితే రోగి బిక్కమొహం వేస్తాడు. ‘ఆయాసం’, ‘దమ్ము’, ‘ఎగరొప్పు’, ‘ఊపిరాడటం లేదు’ అన్నీ పట్టికలో ఉండాలి. ఇంగ్లీషు మాటలనూ అలాగే వదిలేయకండి. ‘మోషన్ అయిందా?’ అని డాక్టరు మామూలుగా అడిగితే, మోషన్స్ అంటే నీళ్ల విరేచనాలే అనుకునే రోగి ‘లేదు’ అంటాడు. మలబద్ధకం అని రాసేసుకుంటారు.

ఇంతకీ ఆ పెద్దాయన షీట్‌లో నేనైతే ఇలా రాస్తాను. రోగి మాట: ‘కళ్లు తిరుగుతున్నాయి.’ అడిగితే చెప్పింది: ‘గది తిరగడం లేదు, లేవగానే చీకటి కమ్ముతోంది.’ ఈ రెండు వాక్యాలూ తెలుగులోనే ఉంచి, ఇంగ్లీషు అర్థం వాటి కింద రాయండి.